టవరా, చేతిలో ఫోనా? పర్లాకిమిడిలో రేడియేషన్ కొలత: ప్రాజెక్టు డైరీ

మొదటి వారం: ముందు లెక్క, తర్వాతే సోల్డరింగ్

పర్లాకిమిడి ఒడిశాలో ఉంది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. ఇక్కడ ఫోన్ ఒక వీధిలో ఒడిశా సర్కిల్ టవర్‌ను పట్టుకుంటుంది, పక్క వీధిలో ఆంధ్రా టవర్‌ను. మేడ మీద గీతలన్నీ నిండుగా ఉంటాయి. గుమ్మా వైపు కొండదారి ఎక్కేసరికి ఒక్క గీతా మిగలదు. రేడియేషన్ మాటెత్తితే మాత్రం అందరి వేలూ టవర్ వైపే చూపిస్తుంది. చూపించాల్సింది అటేనా, ఫోన్ వైపా అన్నది కొలిచి తేల్చడమే ఈ ప్రాజెక్టు పని.

మీటరు కట్టబోయే ముందు కాగితం మీద లెక్క వేశాం. ఎంత చిన్న అంకె నుంచి ఎంత పెద్ద అంకె దాకా కొలవాలో తెలియకపోతే ఏ చిప్ కొనాలో తెలియదు.

టవర్: రేడియో నుంచి ఒక యాంటెనాకు 20 వాట్లు వెళ్తున్నాయనుకుందాం. యాంటెనా గెయిన్, అంటే సిగ్నల్‌ను ఒక వైపుకే కూడగట్టే బలం, 17 డీబీ (డీబీ రెట్ల లెక్క: 10 డీబీ అంటే పది రెట్లు), కేబుళ్లలో కనెక్టర్లలో పోయేది 3 డీబీ. మిగిలింది 14 డీబీ, అంటే 25 రెట్లు. కిరణానికి ఎదురుగా నిలబడ్డవాడికి అది 500 వాట్ల దీపంతో సమానం. 100 మీటర్ల దూరంలో 500ని అంత గోళం ఉపరితలంతో, అంటే 12.57 × 100 × 100తో భాగిస్తే చదరపు మీటరుకు 4 మిల్లీవాట్లు.

ఫోన్: 4జీ ఫోన్ గరిష్ఠంగా పంపేది 0.2 వాట్. మీటరు దూరంలో ఇదే లెక్క వేస్తే చదరపు మీటరుకు 16 మిల్లీవాట్లు. వంద మీటర్ల అవతలి టవర్ కన్నా మీటరు దూరంలో గొంతెత్తి అరుస్తున్న ఫోన్ నాలుగు రెట్లు ఎక్కువ. 2జీ ఫోన్ 900 మెగాహెర్ట్జ్‌లో 2 వాట్ల దాకా పంపుతుంది, కాకపోతే ఎనిమిది స్లాట్లలో (కాలపు వంతుల్లో) ఒక్కదానిలోనే, కాబట్టి సగటు పావు వాట్. పైగా ఫోన్‌ను ఎవరూ మీటరు దూరంలో పెట్టి మాట్లాడరు.

హద్దులు: 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో టవర్లకు పెట్టిన హద్దు, అంతర్జాతీయంగా 1998లో ఐసీఎన్‌ఐఆర్‌పీ (ఈ రకం రేడియేషన్‌పై పనిచేసే నిపుణుల సంఘం) సూచించినదాంట్లో పదో వంతు. మెగాహెర్ట్జ్ అంకెను 2000తో భాగిస్తే చదరపు మీటరుకు ఎన్ని వాట్లో వస్తుంది: 900 దగ్గర 0.45, 1800 దగ్గర 0.9. 2000 దాటాక ఎంతైనా 1 వాటే. ఫోన్‌కు కొలత వేరు. దాన్ని ఎస్‌ఏఆర్ (ఒంట్లో ఇంకే శక్తి) అంటారు: ఏ ఒక్క గ్రాము కండలోనైనా సగటున కిలోకు 1.6 వాట్ మించకూడదు. ఫోన్‌లో *#07# కొడితే ఆ అంకె కనబడుతుంది.

రెండో వారం: సామాను, యాంటెనా

చిప్ ఏడీ8318. 1 మెగాహెర్ట్జ్ నుంచి 8 గిగాహెర్ట్జ్ దాకా పట్టే లాగ్ డిటెక్టర్ (సిగ్నల్ బలాన్ని డీబీల లెక్కలో వోల్టేజిగా మార్చేది), ఎస్‌ఎంఏ సాకెట్‌తో (యాంటెనా బిగించే చిన్న మర సాకెట్) మాడ్యూల్‌గా దొరుకుతుంది. 5 వోల్టులు కావాలి, సుమారు 68 మిల్లీఆంపులు తాగుతుంది. దీని తీరు తిరగబడి ఉంటుంది: సిగ్నల్ పెరిగితే అవుట్‌పుట్ వోల్టేజి తగ్గుతుంది, డీబీకి సుమారు 24.5 మిల్లీవోల్టుల చొప్పున. మొదట చూసినవాళ్లు వైరింగ్ తప్పిందనుకుని అంతా ఊడదీస్తారు. తప్పేమీ లేదు, అది దాని తత్వం.

యాంటెనాకు నాలుగు బెజ్జాల ఎస్‌ఎంఏ సాకెట్, ఇంటి వైరింగ్‌కు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉంటే చాలు. నడిమి పిన్నుకు నిలువుగా ఒక ముక్క, నాలుగు మూలలకు 45 డిగ్రీల కిందికి వంచిన నాలుగు ముక్కలు. నిలువు ముక్క పొడవు 900కి 79 మిల్లీమీటర్లు, 1800కి 39.5, 2300కి 31. కింది ముక్కలు దానికన్నా ఐదు శాతం పొడుగు. 25 వాట్ల ఐరన్‌తో మూల ముక్కలు అతకవు. సాకెట్ ఇత్తడి వేడినంతా లాగేసుకోవడంతో సీసం ముద్దగా కూర్చుని, రెండు రోజులకే ఊడి చేతికొస్తుంది. 60 వాట్ల ఐరన్ పట్టి, ముందు ఇత్తడిని గీకి, ఫ్లక్స్ పూసి సీసం పారించాకే తీగ పెట్టాలి.

ఈ యాంటెనా సిగ్నల్‌ను ఎంత మేర ‘పట్టుకుంటుంది’ అన్నది ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది: 900 దగ్గర 145 చదరపు సెంటీమీటర్లు, 1800 దగ్గర 36, 2300 దగ్గర 22. గాలిలో ఉన్న బలం ఒకటే అయినా 1800 యాంటెనా 6 డీబీ తక్కువ చూపిస్తుంది. ‘మీటర్లో ఇంత వచ్చింది’ అని చెప్పి ఏ బ్యాండో చెప్పని వీడియోలను నమ్మలేనిది ఇందుకే. మేం బ్యాండ్ గుర్తించడానికి పక్కన ఒక ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ (ల్యాప్‌టాప్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్) పెట్టుకున్నాం. అది 1766 మెగాహెర్ట్జ్ దాకానే చూస్తుంది, అంటే 850, 900 బ్యాండ్లకు సరిపోతుంది, 1800 టవర్ సిగ్నల్ దానికి అందదు.

మూడో వారం: మీటరు తనను తానే కొలుచుకున్న కథ

మొదట ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు వాడి, అంకెలు వైఫై ద్వారా ల్యాప్‌టాప్‌కు వెళ్లేలా పెట్టాం. మీటరు ఎక్కడ పెట్టినా ఒకటే పెద్ద అంకె. యాంటెనా ఊడదీసినా తగ్గలేదు. కారణం బోర్డే: దాని వైఫై 100 మిల్లీవాట్ల దాకా పంపుతుంది, డిటెక్టర్ దానికి నాలుగు అంగుళాల దూరంలో ఉంది. ఇంట్లో స్పీకరు మోగిస్తూ వీధిలో గుసగుసలు వినాలనుకున్నట్టయింది. ఈఎస్‌పీ32ని పక్కన పెట్టి వైఫై లేని ఆర్డ్యూనో నానో బోర్డు, ఎస్‌డీ కార్డు మాడ్యూలు పెట్టాం. డిటెక్టర్‌ను చిన్న బిస్కెట్ రేకు డబ్బాలో కూర్చి, డబ్బాను గ్రౌండ్‌కు అతికాం. కొలిచేవాళ్ల జేబుల్లో ఫోన్లు కూడా ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. ఇది రెండుసార్లు మరిచిపోయి రెండు సాయంత్రాల అంకెలు పారేశాం.

కరెంటు దగ్గర రెండు తిప్పలు వచ్చాయి. పవర్ బ్యాంకు పెడితే, మొత్తం వాడకం 100 మిల్లీఆంపుల దగ్గరే ఉండటంతో ఏమీ తగిలించలేదనుకుని అరనిమిషంలో ఆగిపోయింది. దానిలోని స్విచింగ్ సర్క్యూట్ గోల కూడా రీడింగులోకి వచ్చింది. రెండు 18650 లిథియం సెల్లులు సిరీస్‌లో పెట్టి 7805 (5 వోల్టులు నిలకడగా ఇచ్చే రెగ్యులేటర్) వాడితే, సెల్లు 3.5 వోల్టులకు దిగగానే 5 వోల్టులు నిలబడలేదు, 7805కి పైన 2 వోల్టుల తేడా కావాలి కదా. ఏఎంఎస్1117 ఐదు వోల్టుల రకం పెట్టాక సెల్లు 3.2 దాకా దిగినా కదలలేదు.

నానోలో వోల్టేజిని అంకెగా మార్చే ఏడీసీకి రిఫరెన్సుగా 5 వోల్టుల లైను వాడకూడదు, అది ఊగుతుంది. టీఎల్431 అనే చిప్‌తో 2.5 వోల్టులు చేసి ఏరెఫ్ పిన్నుకిచ్చాం. డిటెక్టర్ అవుట్‌పుట్ ఎటూ 2.1 వోల్టులు దాటదు కాబట్టి ఒక్కో మెట్టు 2.44 మిల్లీవోల్టులు, అంటే 0.1 డీబీ. ప్రోగ్రాంలో మొదటి రీడింగు తీసుకోకముందే రిఫరెన్స్ ఎక్స్‌టర్నల్ అని చెప్పాలి. మరిచిపోతే లోపలి రిఫరెన్సూ బయటిదీ గుద్దుకుంటాయి, చిప్ పోతే కొత్త నానో కొనుక్కోవాలి. డిటెక్టర్‌కూ ఏ0 పిన్నుకూ మధ్య ఆర్‌సీ ఫిల్టర్‌గా 1 కిలోఓమ్ రెసిస్టర్, 10 నానోఫారడ్ కెపాసిటర్ ఉన్నాయి.

నాలుగో వారం: కాలిబ్రేషన్, సగటు లెక్కలో తప్పు

ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో సిగ్నల్ జెనరేటర్ దొరికింది. 900, 1800, 2300 దగ్గర −60 నుంచి 0 డీబీఎం దాకా (0 డీబీఎం అంటే 1 మిల్లీవాట్) పదేసి డీబీల మెట్లలో వోల్టేజి రాసుకుని, మధ్యలోని నిటారు భాగానికి గీత గీశాం. చివర్లు వంగుతాయి: −60 కింద, 0 పైన అంకెను నమ్మం. 12 డీబీఎం దాటిస్తే చిప్ పోతుంది.

అసలు పొరపాటు లెక్కలో దొర్లింది. సెకనుకు వేల శాంపిళ్లు వస్తున్నాయి, వాటి డీబీఎంలను కూడి సగటు తీశాం. అది తప్పు. సిగ్నల్ సగం సేపు −20లో, సగం సేపు −60లో ఉందనుకోండి. డీబీల సగటు −40. ఒక్కో శాంపిల్‌ను మిల్లీవాట్లలోకి మార్చి సగటు తీస్తే −23. తేడా 17 డీబీ, అంటే యాభై రెట్లు తక్కువ చూపించాం! 4జీ లాంటి ఆగి ఆగి వచ్చే సిగ్నల్‌కు ఈ తప్పు ఎప్పుడూ ‘ఏమీ లేదు’ అనిపించే వైపే మొగ్గుతుంది. అందుకే అంతదాకా తీసిన అంకెలన్నీ కొట్టేశాం. ఆ దిద్దుబాటు తర్వాత కూడా ఆర్‌సీ ఫిల్టర్ లోపలే లాగ్ మీద కొంత సగటు జరిగిపోతుంది. గోలలా ఉండే 4జీ సిగ్నల్‌కు అది 2.5 డీబీ లోటు. దాన్ని చివర్లో కలుపుతున్నాం.

ఐదో వారం: టవర్ చుట్టూ

కొలిచే పద్ధతి: యాంటెనా పీవీసీ గొట్టం మీద, 1.5 మీటర్ల ఎత్తున. మనిషి వెనక నిలబడకూడదు, ఒళ్లు నీడలా అడ్డొస్తుంది, ముందు నిలబడినా అంతే. పక్కన ఒక మీటరు ఎడంగా నిలవాలి. గోడల నుంచి తిరిగొచ్చే తరంగాల వల్ల జానెడు కదిపితేనే రీడింగు ఎగిరిపడుతుంది (900 దగ్గర రెండు ఎత్తుల మధ్య దూరం 17 సెంటీమీటర్లే). అందుకని మీటరు మేర అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ఆరు నిమిషాల సగటు తీయాలి. యాంటెనాను నిలువుగా, అడ్డంగా, ముందు వెనకలుగా మూడు వైపులా పెట్టి, మూడు పవర్లనూ కూడాలి. కూడేది మిల్లీవాట్లనే, డీబీలను కాదు.

తేలిందేమిటంటే, టవర్ కంచెకు ఆనుకుని తీసిన అంకే, అర కిలోమీటరు అవతల మేడ మీద తీసిన అంకే ఇంచుమించు ఒకటే. ఆశ్చర్యపోనక్కర్లేదు. 40 మీటర్ల ఎత్తున యాంటెనాను 4 డిగ్రీలు కిందికి వంచితే, దాని నడిమి కిరణం నేలను తాకేది సుమారు 550 మీటర్ల దూరంలో. కిరణం నిలువు వెడల్పు ఏడెనిమిది డిగ్రీలే. టవర్ కింద ఉన్నవాళ్లు లైట్‌హౌస్ పాదం దగ్గర ఉన్నట్టే. మేం కొలిచిన చోట్లన్నీ చదరపు మీటరుకు ఒక మిల్లీవాట్ లోపే. 900 దగ్గర హద్దు 450.

జాగ్రత్త పడాల్సిన చోటు వేరే ఉంది: మేడ మీద గొట్టానికి కట్టిన యాంటెనాకు సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో ఇంకో మేడ. 2012 నాటి నిబంధనల్లో ఎదురు మేడకు ఒక యాంటెనా అయితే 20 మీటర్లు, రెండైతే 35 మీటర్ల ఎడం చెప్పారు. ఆ ఎడంపై అనుమానం ఉంటే మా డబ్బా చాలదు. టెలికాం శాఖ 2017లో తెచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో ఆ టవర్ వివరం చూసుకోవచ్చు, 4000 రూపాయలు కట్టి అధికారికంగా కొలిపించుకోవచ్చు.

కొలుస్తుంటే ఓ ఇంటావిడ అడిగింది: “ఆ టవరు వల్లేనేటి బాబూ, రాత్రుళ్లు నిద్దర పట్టట్లేదు?” టవర్ వల్లే కావచ్చు, రేడియేషన్ వల్ల మాత్రం కాదు. కరెంటు పోయిన ప్రతి రాత్రీ ఆ గోడ పక్కనే డీజిల్ జనరేటర్ మోగుతోంది. ఆ మోతకూ పొగకూ ఫిర్యాదు పెట్టడానికి ఏ మీటరూ అక్కర్లేదు. ఒంట్లో తరంగాలు తెలుస్తున్నాయనే వాళ్లతో గుట్టుగా ఆన్, ఆఫ్ చేస్తూ చేసిన పరీక్షల్లో, ఏది ఎప్పుడో వాళ్లు బొమ్మా బొరుసు కంటే మెరుగ్గా చెప్పలేకపోయారు. తలనొప్పి మాత్రం నిజం. దాని కారణం వేరే చోట వెతకాలి.

ఆరో వారం: ఫోన్

చెక్క స్టూలు మీద ఫోన్, 50 సెంటీమీటర్ల దూరంలో యాంటెనా. అవతలి ఫోన్‌కు కాల్ చేసి, ఇటు రేడియోలో వార్తలు మోగిస్తూ వదిలాం. మాట లేకపోతే ఫోన్ దాదాపుగా పంపడం మానేస్తుంది, కొలత చెడుతుంది. *#*#4636#*#* కొట్టి వచ్చే మెనూలో 2జీ ఒక్కటే, 4జీ ఒక్కటే అని బిగించవచ్చు (కొన్ని ఫోన్లలో ఈ మెనూ తెరుచుకోదు). టవర్ సిగ్నల్ బలం చెప్పే ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంకె (మైనస్‌లో ఎంత పెద్దదైతే సిగ్నల్ అంత బలహీనం) కూడా అక్కడే దొరుకుతుంది.

2జీతో మొదలుపెట్టాం. మీటరు 0 డీబీఎం దగ్గర ఆగింది. ఫోన్‌ను మీటరు దూరానికి జరిపినా అదే 0. దూరం రెట్టింపైతే 6 డీబీ తగ్గాలి. తగ్గలేదంటే డిటెక్టర్ గొంతు దాకా నిండిపోయిందని అర్థం. లెక్క చూస్తే 2 వాట్ల ఫోన్ 50 సెంటీమీటర్లలో ఈ యాంటెనాకు 9.6 డీబీఎం ఇవ్వగలదు. మధ్యలో సిగ్నల్‌ను తగ్గించే 20 డీబీ అటెన్యుయేటర్ బిగించాక అంకెలు దారికొచ్చాయి.

డిటెక్టర్ అవుట్‌పుట్‌ను 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా ఎల్ఎం386 యాంప్లిఫయర్‌కి, దాన్నుంచి చిన్న 8 ఓమ్‌ల స్పీకరుకు ఇచ్చి వినడం మంచి పని. 2జీ కాల్ అయితే గుర్రుమని ఒకే శ్రుతిలో మోగుతుంది: స్లాటు 4.615 మిల్లీసెకన్లకోసారి వస్తుంది కాబట్టి 217 హెర్ట్జ్. పాత రేడియో పక్కన ఫోన్ మోగబోయే ముందు వినబడే ‘టిక్ టిటిక్’ కూడా ఈ కుటుంబమే. 4జీ కాల్ అయితే వాన చినుకులు రేకు మీద రాలినట్టు చిటపటమంటుంది.

మూడు చోట్ల 4జీ కాల్ చేశాం. ఊళ్లో మేడ మీద, ఆర్‌ఎస్‌ఆర్‌పీ −75: ఫోన్ పంపేది టవర్ నుంచి వస్తున్న సిగ్నల్‌లో కలిసిపోయి, అటెన్యుయేటర్ తీసేస్తే గానీ దొరకలేదు. అదే ఇంట్లో కింద, స్లాబు కింది నడిమి గదిలో, −100: స్పష్టంగా లేచింది. గుమ్మా దారిలో జీడితోటల వెనక మలుపు దగ్గర, −115: మేడ మీద కంటే 30 డీబీ పైన. 30 డీబీ అంటే వెయ్యి రెట్లు. టవర్‌కు తన గొంతు వినబడటానికి ఫోన్ పడే తంటా అది. టవర్ దూరమయ్యేకొద్దీ పవర్ పెంచుకుంటూ పోయి 0.2 వాట్ దగ్గర ఆగుతుంది. కాబట్టి ఊరవతలికి టవర్ తరిమేస్తే తలకు తగిలే రేడియేషన్ తగ్గదు, పెరుగుతుంది. ఎస్‌ఏఆర్ అంకె తక్కువని ఫోన్ కొనడం కూడా ఇక్కడే తేలిపోతుంది. ఆ అంకె పూర్తి పవర్ మీద తీసింది. సిగ్నల్ బాగున్న చోట 1.2 ఫోన్ వెదజల్లేదాని కన్నా, సిగ్నల్ లేని మలుపులో 0.6 ఫోన్ వెదజల్లేది ఎన్నో రెట్లు.

ఇంకో సంగతి: వీడియో అప్‌లోడ్ పెడితే సగటు మాట కాల్ కంటే చాలా ఎక్కువ. మాటకు 20 మిల్లీసెకన్లకోసారి చిన్న పొట్లం పంపితే చాలు, వీడియోకు ఎడతెగకుండా పంపాలి. అయితే అప్పుడు ఫోన్ చెవి దగ్గర ఉండదు.

ఫోన్‌కు మరీ దగ్గరగా ఈ పద్ధతి పనికిరాదు. 900 దగ్గర సుమారు 5 సెంటీమీటర్ల లోపల యాంటెనా, ఫోన్ ఒకదాన్నొకటి లాగుకుంటాయి. ‘చదరపు మీటరుకు ఇన్ని వాట్లు’ అన్న మాటకే అర్థం ఉండదు. చెవి దగ్గర కొలవాలంటే మెదడు లాంటి ద్రవం నింపిన బొమ్మ తల, ప్రోబు ఉన్న ల్యాబు కావాలి.

ఏడో వారం: స్టిక్కర్లు, ప్రశ్నల కాగితం

బజారులో దొరికే ‘యాంటీ రేడియేషన్’ స్టిక్కర్లు రెండు అంటించి చూశాం. మీటరు పట్టగలిగేంత తేడా రాలేదు. రేకు ఉన్న కవరు యాంటెనాకు అడ్డొస్తే ఆర్‌ఎస్‌ఆర్‌పీ పడిపోయింది, ఫోన్ పవర్ పెంచింది. డబ్బు పెట్టి ఎక్కువ రేడియేషన్ కొనుక్కోవడం అంటే ఇదే. స్టీలు డబ్బాలో పెట్టి మూత వేసినా అంతే, నెట్‌వర్క్ కోసం వెతికి వెతికి బ్యాటరీ తాగేస్తుంది.

ఊరివాళ్లు అడిగే వాటికి ఒక కాగితం తయారు చేశాం. దాన్లోవి ఇవి.

క్యాన్సర్? 900 మెగాహెర్ట్జ్ తరంగంలో ఒక్కో ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షల వంతుల్లో నాలుగు. అణువుల బంధం తెంచాలంటే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఎక్స్‌రేలా డీఎన్‌ఏను నేరుగా తెంచే శక్తి దీనికి లేదు. నిరూపణ అయిన ప్రభావం ఒక్కటే, వేడి. హద్దులు పెట్టిందీ దాన్ని చూసే. అయినా 2011 మేలో డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ దీన్ని 2బీ, అంటే ‘క్యాన్సర్ కారకం కావచ్చునేమో’ అనే గుంపులో పెట్టింది. దానికి ముఖ్య ఆధారాల్లో ఒకటి 13 దేశాల ఇంటర్‌ఫోన్ అధ్యయనం: జీవితకాలంలో 1640 గంటలు దాటి మాట్లాడినవాళ్లలో గ్లయోమా (ఒక రకం మెదడు కణితి) 40 శాతం ఎక్కువ కనిపించింది, తక్కువ మాట్లాడినవాళ్లలో మాత్రం అసలు వాడనివాళ్ల కంటే తక్కువ కనిపించింది. పాత వాడకం జ్ఞాపకం మీద చెప్పించిన లెక్క కాబట్టి రెండు అంకెలనూ జాగ్రత్తగానే చూడాలి. 2బీలో ఊరబెట్టిన ఆసియా కూరలు కూడా ఉన్నాయి. (ఆవకాయ జాడీ దాచక్కర్లేదు, అక్కడ చెప్పింది తూర్పు ఆసియా వైపు పులియబెట్టేవి.)

ఎలుకల మాటేమిటి? 2018లో అమెరికా ప్రభుత్వ విష పరీక్షల కార్యక్రమం ఎన్‌టీపీ ఫలితాల్లో మగ ఎలుకల గుండెలో కణితులు వచ్చాయి, నిజం. వాటికి ఒళ్లంతా కిలోకు 1.5 నుంచి 6 వాట్లు, రోజుకు 9 గంటలు, రెండేళ్లు. జనానికి ఒళ్లంతటికీ హద్దు 0.08. ఆ మగ ఎలుకలే రేడియేషన్ లేనివాటి కంటే ఎక్కువ కాలం బతికాయన్నది వార్తల్లో పెద్దగా కనబడదు.

తర్వాత ఏమైంది? 2024లో డబ్ల్యూహెచ్‌ఓ చేయించిన సమీక్ష 63 అధ్యయనాలు చూసి, ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ లంకె కనబడలేదంది. అదే ఏడాది రెండున్నర లక్షల మందికి పైగా ఉన్న కాస్మోస్ అధ్యయనం కూడా అదే చెప్పింది.

గుండెలో పేస్‌మేకర్ ఉంటే? ఇక్కడ మాత్రం నాన్చడం లేదు: ఫోన్ 15 సెంటీమీటర్ల ఎడంలో ఉండాలి, చొక్కా ఎడమ జేబులో వద్దు, పేస్‌మేకర్ ఉన్న వైపు చెవి కాకుండా అవతలి చెవి.

ఏం చేస్తే తగ్గుతుంది? స్పీకర్ లేదా వైరు ఇయర్‌ఫోన్. గీతలు లేని చోట పొడుగు కాల్ పెట్టుకోకుండా కిటికీ దగ్గరికో మేడ మీదికో రావడం. 4జీ ఉంటే 2జీలో ఉంచుకోకపోవడం. పొలం దగ్గర, కొండ మీద మాట కన్నా మెసేజ్.

ఎనిమిదో వారం: మిగిలిన పని

5జీ 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఇంకా కొలవలేదు. నిలువు ముక్క 20 మిల్లీమీటర్లు కోసి పెట్టాం, అది పట్టుకునే మేర 10 చదరపు సెంటీమీటర్లు కూడా లేదు. ఇప్పుడు వాడుతున్న సన్న ఆర్‌జీ174 కేబుల్ ఆ ఫ్రీక్వెన్సీలో మీటరుకు 2 డీబీ పైనే తినేస్తుంది, కాబట్టి యాంటెనాను డబ్బాకే నేరుగా బిగించాలి. 5జీ టవర్ కిరణాన్ని ఫోన్ ఉన్న వైపే మళ్లిస్తుంది, ఎవరూ వాడకపోతే అంకె బోసిగా వస్తుంది. కొలిచేటప్పుడు యాంటెనాకు రెండు మీటర్ల దూరంలో ఒక ఫోన్‌లో పెద్ద ఫైలు దించుతూ ఉండాలి, ఆ ఫోన్ తిరిగి పంపేది అంకెలో కలవకుండా యాంటెనాకూ దానికీ మధ్య ఓ మనిషి నిలబడాలి. ఒళ్లు అడ్డు, ఈసారి కావాలనే.